చలువ పందిరి నుంచి చెలకకు: దక్షిణ తెలంగాణ మెట్టసీమలో లేత మొక్కను ఎండకు అలవాటు చేసిన చరిత్ర

శీతల దేశాల తోటపనిలో ఏడాది పొడవునా సాగే ఒక క్రమం స్థిరపడి ఉంది. చలికాలమంతా ఇంటి లోపలో అద్దాల గదిలోనో గడిపిన కుండీ మొక్కలను, మంచు పడే రాత్రులు గడిచిపోయాయని రూఢి చేసుకున్న తర్వాత, మొదటి రోజు గంటసేపు, మరునాడు ఇంకొంత ఎక్కువసేపు ఆరుబయట ఉంచుతూ, వారం పది రోజుల్లో ఎండకూ గాలికీ అలవాటు చేసి, వేసవి అంతా బయటే పెంచుతారు. పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ క్రమం తలకిందులవుతుంది. ఇక్కడ మొక్కకు అసలు ముప్పు చలి కాదు, ఎండ. అందువల్ల వేసవి మొక్కను నీడలో కాపాడుకునే కాలమైతే, బయటికి తరలించే కాలం జూన్‌లో తొలకరితో వస్తుంది. అయినా రక్షణలో పెరిగిన లేత మొక్కను బయలు ప్రదేశానికి క్రమంగా అలవాటు చేయవలసిన అవసరం రెండు చోట్లా ఒకటే. ఈ సీమ రైతులు, తోటమాలులు, ప్రభుత్వ సంస్థలు ఆ పనిని ఏయే కాలాల్లో ఏ విధంగా నిర్వహించారో పరిశీలిస్తే, మొక్కను ఎవరు పెంచారు, ఎవరు నాటారు అనే ప్రశ్నల కంటే, ఆ రెండు పనుల నడుమ గడిచే రెండు మూడు వారాల బాధ్యతను ఎవరు మోశారు అన్న ప్రశ్నే ఈ చరిత్రకు కీలకమని తెలుస్తుంది.

సీమ, నేల, కార్తెలు

2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనకు ముందు నల్లగొండ జిల్లాలో నేటి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి ప్రాంతాలు, మహబూబ్‌నగర్ జిల్లాలో నేటి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట ప్రాంతాలు కలిసి ఉండేవి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు పెట్టుకున్న మహబూబ్‌నగర్‌ను జనం నేటికీ పాలమూరు అనే పిలుస్తారు. కృష్ణానది ఈ రెండు జిల్లాల దక్షిణపు అంచున పారుతున్నా, నేల నదికంటే ఎత్తులో ఉండటం వల్ల, ఎత్తిపోతలూ పెద్ద కాలువలూ వచ్చేదాకా సేద్యం చెరువుల మీద, బావుల మీద, వాన మీద ఆధారపడింది. ఏడాది వర్షపాతం స్థూలంగా 600 నుంచి 750 మిల్లీమీటర్లు, అందులో అధిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా కురుస్తుంది. నేల ఎక్కువగా చెలక, అంటే ఇసుకపాలు హెచ్చుగా ఉండి నీటిని త్వరగా ఇంకించుకొని అంతే త్వరగా ఆరిపోయే ఎర్రనేల. అంతకంటే తేలికైన నేలను దుబ్బ అంటారు. మే నెలలో పగటి ఉష్ణోగ్రత 43 నుంచి 45 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం ఈ ప్రాంతంలో అరుదు కాదు.

ఈ సీమ రైతు కాలాన్ని నెలలతో కాక కార్తెలతో లెక్కిస్తాడు. సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజుల కాలాన్ని కార్తె అంటారు. ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు. మే 25 ప్రాంతంలో మొదలయ్యే రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఆ రోజుల ఎండ తీవ్రతను చెబుతుంది. జూన్ 8 ప్రాంతంలో వచ్చే మృగశిరను, జనవ్యవహారంలో మిరుగును, విత్తులకూ నాట్లకూ ఆరంభంగా భావిస్తారు. అంటే ఏడాదిలో కెల్లా క్రూరమైన కార్తె ముగిసిన వెంటనే నాటే కార్తె మొదలవుతుంది. లేత మొక్కను ఎండకు అలవాటు చేయవలసిన వారాలు, ఎండ మొక్కను చంపగల వారాలు ఒకటే కావడం ఈ ప్రాంతపు ప్రత్యేకమైన చిక్కు, ఇక్కడి పద్ధతులన్నీ ఆ చిక్కును ఏదో ఒక విధంగా విప్పే ప్రయత్నాలే.

మొక్కలో జరిగే మార్పు

ఆ చిక్కు స్వభావం తెలియాలంటే నీడలో పెరిగిన ఆకుకూ ఎండలో పెరిగిన ఆకుకూ ఉన్న తేడాను గమనించాలి. నీడలో విచ్చుకున్న ఆకు దొరికిన కొద్ది వెలుతురును వీలైనంత గ్రహించడానికి వెడల్పుగా, పలుచగా పెరుగుతుంది; దాని పైపొర మీద నీటిని ఆవిరి కాకుండా ఆపే మైనపు పూత కూడా పలుచగానే ఉంటుంది. అటువంటి ఆకును ఒక్కసారిగా నడి ఎండలో పెడితే, అది వాడుకోగల వెలుతురు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వెలుతురు పడి, పత్రహరితం దెబ్బతిని, ఆకు మీద తెల్లని, ఆపై గోధుమరంగు మచ్చలు ఏర్పడతాయి. అదే సమయంలో, వేళ్లు అందించగల నీటి కంటే ఆకు నుంచి ఆవిరయ్యే నీరు మించిపోయి మొక్క వడలిపోతుంది. ఎండను క్రమంగా పెంచితే కొత్తగా విచ్చే ఆకులు మందంగా, చిన్నగా, మైనపు పూత గట్టిగా ఏర్పడతాయి. నీటిని కొద్దిగా తగ్గిస్తే కొమ్మల పెరుగుదల మందగించి, వేళ్ల పెరుగుదలకు ప్రాధాన్యం దక్కుతుంది. అయితే నీడలో పూర్తిగా ముదిరిన ఆకు తన నిర్మాణాన్ని పెద్దగా మార్చుకోలేదు. అందువల్ల అలవాటు చేయడమంటే పాత ఆకులను ఎండకు ఒప్పించడం కాదు, ఎండను తట్టుకోగల కొత్త ఆకులు రావడానికి వ్యవధి ఇవ్వడం. ఈ పనికి రెండు మూడు వారాలు పట్టడానికి కారణం ఇదే.

ఈ శరీరధర్మం ఆధునిక శాస్త్రం వివరించినదే అయినా, దాని ఫలితాలను భారతీయ గ్రంథకర్తలు చాలా ముందే గమనించారు. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు రచించిన బృహత్సంహితలోని వృక్షాయుర్వేద అధ్యాయం, ఇంకా కొమ్మలు వేయని మొక్కలను శిశిరంలో, కొమ్మలు వేసినవాటిని హేమంతంలో, కాండం బలిసినవాటిని వర్షాకాలారంభంలో నాటాలని విధిస్తుంది. గ్రీష్మానికి ఆ జాబితాలో చోటు లేదు. మొక్క మొదట ఏ దిక్కుకు తిరిగి పెరిగిందో కొత్త చోట కూడా ఆ దిక్కుకే తిప్పి నాటాలన్న నియమం, ఎండకు అలవాటుపడిన పక్కను మళ్లీ ఎండకే ఉంచాలన్న గమనిక నుంచి పుట్టి ఉంటుందని ఊహించడానికి వీలుంది. తరలించే ముందు వేరు మొదలుకొని బోదె వరకు నెయ్యి, వట్టివేరు, నువ్వులు, తేనె, వాయువిడంగాలు, పాలు, ఆవుపేడ కలిపిన లేపనం పూయాలనీ, నాటిన తర్వాత వేసవిలో ఉదయం, సాయంత్రం, చలికాలంలో రోజు విడిచి రోజు, వానాకాలంలో నేల ఆరినప్పుడు నీరు పోయాలనీ అదే అధ్యాయం చెబుతుంది. సురపాలుడి వృక్షాయుర్వేదం ఈ విద్యను మరింత విస్తరించిన గ్రంథం. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్న దాని ప్రతిని వై.ఎల్. నేనే తెప్పించగా, సంస్కృత పండితురాలు నళిని సాధలే అనువదించారు. నేనే 1994లో సికింద్రాబాద్‌లో నెలకొల్పిన ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ ఆ అనువాదాన్ని 1996లో ప్రచురించింది.

తరలించకుండా పెంచిన చెట్లు

శాస్త్రగ్రంథాలు రాజోద్యానాల కోసం, సంపన్నుల తోటల కోసం ఏర్పడినవి కాగా, మెట్టసీమ రైతు తన చెట్ల విషయంలో అంతకంటే సరళమైన మార్గం ఎంచుకున్నాడు. తాటి టెంకను, చింతగింజను, వేపవిత్తును అవి చెట్టుగా నిలవవలసిన చోటే నేలలో పెట్టడం, లేదా పక్షులూ పశువులూ వెదజల్లిన గింజ మొలిచిన చోటే దాన్ని కంపతో చుట్టి కాపాడడం ఆ మార్గం. మొలిచిన మొదటి రోజు నుంచి ఎండలోనే ఉన్న మొక్కకు ఎండను అలవాటు చేయవలసిన పని లేదు. దాని తల్లివేరు ఎక్కడా తెగకుండా, వంకర తిరగకుండా తేమ ఉన్న లోతు దాకా దిగుతుంది. బాలానగర్ పరిసరాల గుట్టల మీద, బీళ్లలో ఎవరూ నాటకుండానే విస్తరించిన సీతాఫలం ఇందుకు చక్కని ఉదాహరణ; ఆ ఊరి పేరుతో ప్రసిద్ధమైన బాలానగర్ రకం దేశంలో అనేక ప్రాంతాల్లో సాగులోకి వెళ్లింది.

ఈ పద్ధతికి ఒక సామాజిక కారణం కూడా ఉంది. పంట చేతికొచ్చిన తర్వాత పాలమూరు కూలీలు ఆనకట్టల పనులకూ, కాలువల తవ్వకానికీ, తర్వాతి కాలంలో నగరాల నిర్మాణ పనులకూ వలస వెళ్లి, తొలకరి నాటికి తిరిగి రావడం ఇరవయ్యవ శతాబ్దమంతా ఈ జిల్లా జీవనంలో భాగమైంది. లేత మొక్కకు రోజూ రెండు పూటలా నీరు అవసరమైన నెలల్లోనే ఊళ్లో మనుషులు పలుచబడేవారు. మోటతో, అంటే ఎద్దులు లాగే తోలు బొక్కెనతో బావి నీరు తోడుకునే కాలంలో, వేసవిలో ఆ బావి నీరే అడుగంటేది. నీరు, మనిషి రెండూ కరువైన చోట నీడలో పెంచి తరలించే మొక్క కంటే ఉన్నచోటే పుట్టి నిలిచే చెట్టునే జనం నమ్ముకోవడం సహజం.

ఇంటి ఆవరణ కూడా ఇదే తర్కాన్ని అనుసరించింది. ఎండను ఆపడానికి మందమైన మట్టిగోడలు, చిన్న కిటికీలతో కట్టిన మిద్దె ఇళ్లలో గదుల లోపల మొక్క బతికేంత వెలుతురు ఉండేది కాదు. అందువల్ల ఇంటి మొక్క అంటే వాకిట్లోని తులసి, పెరట్లోని మందారం, మల్లె, కరివేపాకు. స్నానపు నీరు పారే మూల అరటి. రోజూ నీరు పోసే ఆచారం ఉన్న తులసి తప్ప మిగిలినవన్నీ వాడిన నీటి దారిలోనే పెరిగేవి.

నారుమడి నేర్పిన పాఠం

తరలించక తప్పని పైరు వరి. పానగల్లులో కందూరు చోళుల కాలం నుంచి ఉన్న ఉదయసముద్రం వంటి చెరువుల కింద వరి సాగైంది. నిజాం కాలపు రెవెన్యూ లెక్కల్లో వానాకాలపు వరిని ఆబీ అనీ, చలికాలంలో మొదలై వేసవిలో కోతకొచ్చే వరిని తాబీ అనీ వ్యవహరించేవారు. తాబీనే నేటి వాడుకలో యాసంగి అంటారు. విత్తనాన్ని మొలకెత్తించి చిన్న మడిలో దగ్గరగా చల్లి, నాలుగైదు ఆకులు వచ్చిన మొక్కలను పీకి పొలంలో నాటుతారు. ఆ మడిని నారుమడి అనీ, ఆ మొక్కలను నారు అనీ అంటారు. ఆబీ నారుకు ఎండతో పెద్ద పేచీ లేదు, కాని నవంబరు, డిసెంబరు నెలల్లో పోసే యాసంగి నారుకు రాత్రి చలితో పేచీ ఉంది. రాత్రి ఉష్ణోగ్రత 12, 13 డిగ్రీల కంటే తగ్గితే నారు ఎదగక, ఆకులు ఎర్రబడి లేదా పాలిపోయి, కొన్నిచోట్ల చనిపోతుంది.

అందుకు రైతులూ వ్యవసాయ శాస్త్రవేత్తలూ స్థిరపరచిన ఉపాయం శీతల దేశాల తోటమాలి చేసే పనికి ఈ సీమలో అన్నిటికంటే దగ్గరగా వస్తుంది. సాయంత్రం మడి మీద కర్రల ఊతంతో పాలిథిన్ పట్టాను లేదా గోనెపట్టాలను కప్పి, పొద్దున ఎండ వచ్చాక తీసివేస్తారు. రాత్రంతా చల్లబడిన నీటిని ఉదయం బయటికి వదిలి, బావి లేదా బోరు నుంచి కొంత వెచ్చగా ఉండే కొత్త నీటిని పెడతారు. నాట్లకు కొన్ని రోజుల ముందు పట్టా కప్పడం మానేస్తే నారు రాత్రి చలికి అలవాటుపడుతుంది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదిలిన నాగార్జునసాగర్ ప్రాజెక్టు ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాల్లో యాసంగి వరిని విస్తరింపజేయడంతో, పరిమితమైన చెరువుల కింద కొద్దిమంది చేసే ఈ జాగ్రత్త వేలాది కుటుంబాల ఏటేటా పనిగా మారింది.

మిరప, వంగ, ఉల్లి నారు మరో పాఠాన్ని నేర్పింది. పదహారవ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల ద్వారా భారతదేశానికి వచ్చిన మిరప, కృష్ణా తుంగభద్రల నడుమనున్న అలంపూర్ ప్రాంతంలో ముఖ్యమైన పైరుగా స్థిరపడింది. ఎత్తుగా కట్టిన మడి మీద విత్తనం చల్లి, తేమ నిలవడానికి వరిగడ్డి పరచి, మొలకలు కనిపించగానే దాన్ని తీసివేస్తారు. అయితే తీసేది పొద్దున కాదు, సాయంత్రం, ఎందుకంటే గడ్డి కింద చీకట్లో పాలిపోయిన మొలక మొదట రాత్రి గాలిని, తర్వాత లేత ఎండను, ఆ తర్వాతే నడి ఎండను చూడాలి. సుమారు ఆరు వారాల నారును పీకే ముందు కొన్ని రోజులు నీటిని తగ్గించి, పీకే రోజు మాత్రం మడిని బాగా తడుపుతారు; మొదటి పని మొక్కను గట్టిపరచడానికి, రెండవది వేళ్లు తెగకుండా రావడానికి. సాగదీసి పెరిగిన నారు తలలు తుంచడం, సాయంత్రం పూట నాటడం కూడా ఈ క్రమంలోనివే. ఈ పనులన్నిటా ఒక్క కుటుంబమే విత్తనం చల్లి, అదే కుటుంబం నాటేది కాబట్టి, నడుమ వారాలకు వేరే బాధ్యుడు అక్కరలేదు. ఇటీవలి దశాబ్దాల్లో ప్రోట్రే నారు, అంటే చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్లేల్లో కొబ్బరి పొట్టు నింపి షేడ్‌నెట్ నీడలో పెంచిన నారు, రైతుకు దుకాణపు సరుకుగా అందుతోంది. నర్సరీ నుంచి వచ్చిన రోజే పొలంలో పెట్టకుండా చెట్టు కింద నాలుగైదు రోజులు ఉంచమనే సలహా, ఇంతకుముందు మడిలోనే జరిగిపోయిన పనికి కొత్త రూపం.

అంటు మొక్కలు: మామిడి, బత్తాయి

కోరిన రకం పండు కావాలంటే విత్తనం చాలదు, అంటు కట్టాలి. అంటు కట్టిన మొక్కను తప్పకుండా తరలించాలి. కొల్లాపూర్ సంస్థానపు ప్రాంతంలో పేరు పొందిన మామిడి తోటల వంటివి ఈ విద్యతోనే విస్తరించాయి. పాత పద్ధతి సామీప్య అంటు: కుండలో పెంచిన నాటుమామిడి మొక్కను తల్లిచెట్టు కొమ్మ దగ్గరికి చేర్చి, అవసరమైతే మంచె కట్టి పైకెత్తి, రెండు కాండాల బెరడు చెక్కి, కలిపి కట్టేవారు. రెండు మూడు నెలల్లో అతుకు కుదిరాక కొమ్మను తల్లిచెట్టు నుంచి ఒక్కదెబ్బకు కోయకుండా, మొదట సగం లోతు గాటు పెట్టి, కొన్ని రోజుల తర్వాత మరికొంత, చివరికి పూర్తిగా కోసేవారు. ఆ వ్యవధిలో కొమ్మ తల్లిచెట్టు నీటి మీద ఆధారపడటం మాని, కింది కుండలోని వేళ్ల మీద బతకడం నేర్చుకుంటుంది. ఆ తర్వాత కొన్ని వారాలు అదే చెట్టు నీడలో ఉంచి, అప్పుడు ఎండకు తెచ్చేవారు. ఆలస్యమయ్యే ఈ పద్ధతి స్థానంలో వెనీర్ అంటు, లేత కాండపు అంటు వచ్చాయి; బాగా మెట్టగా ఉన్న చోట టెంకను తోటలోనే గుంతలో నాటి, మొలిచిన మొక్క మీద అక్కడే అంటు కట్టడం మేలని ఉద్యాన శాస్త్రవేత్తలు సూచించడం, తాటి, చింత విషయంలో రైతు అనుసరించిన పాత తర్కానికే తిరిగి రావడం.

నల్లగొండ జిల్లాకు గుర్తింపు తెచ్చిన పండు బత్తాయి. బోరుబావులు, విద్యుత్ మోటార్లు వ్యాపించిన తర్వాత కనగల్, గుర్రంపోడు, నిడమనూరు వంటి మండలాల చెలకల్లో సాత్గుడి రకం బత్తాయి తోటలు విస్తరించాయి. దీని మొక్క తయారీ ఓపిక కోరేది. నిమ్మజాతి గింజ ఎండితే మొలకెత్తే శక్తిని త్వరగా కోల్పోతుంది కాబట్టి పండు నుంచి తీసిన గింజనే మడిలో చల్లుతారు. మొలిచిన రంగపూర్ నిమ్మ లేదా జంబేరి నిమ్మ మొక్కను రెండవ మడిలోకి మార్చి, కాండం పెన్సిల్ మందం అయ్యాక, నేల నుంచి జానెడు ఎత్తులో బెరడులో గాటు పెట్టి సాత్గుడి కన్నును అమరుస్తారు. దీన్ని కన్ను అంటు అంటారు. తిరుపతి నిమ్మజాతి పరిశోధన కేంద్రంలో జరిగిన దీర్ఘకాల పరిశీలనలు సాత్గుడికి రంగపూర్ నిమ్మ అనువైన వేరుమూలమని చూపడంతో, నర్సరీలు క్రమంగా ఆ వైపు మళ్లాయి. నల్లగొండ జిల్లాలోనే కొండమల్లేపల్లిలో, నేడు శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం కింద పనిచేస్తున్న ఉద్యాన పరిశోధన కేంద్రం ఉంది.

తెగుళ్ల భయం మొక్క తయారీలో మరో మెట్టును చేర్చింది. పురుగులు మోసుకొచ్చే వ్యాధులు సోకకుండా కన్నులిచ్చే తల్లిచెట్లను, అంటు మొక్కలను వల ఇంట్లో, అంటే సన్నని వలతో నలువైపులా మూసిన నిర్మాణంలో పెంచడం మొదలైన తర్వాత, మొక్క ఆరోగ్యంగా ఉంటుంది కాని ఎండ, వడగాలి తెలియకుండా పెరుగుతుంది. దాన్ని ముందుగా పాక్షిక నీడలోకి, తర్వాత తోటలోకి తేవాలి. నాటాక బోదెకు సున్నం లేదా బోర్డో పేస్టు పూసి, పడమటి ఎండ తగలకుండా కంది కట్టెలో, తాటికమ్మలో అడ్డు పెట్టాలి. 1880ల్లో ఫ్రాన్సులోని బోర్డో ద్రాక్షతోటల్లో మైలుతుత్తం, సున్నం కలిపి రూపొందించిన తెగుళ్ల మందు ఈ విధంగా నల్లగొండ చెలకలో వ్యాధి నివారణకే కాక ఎండదెబ్బ నివారణకూ పనికొచ్చింది.

ఇదే నారింజజాతి యూరపు ఇంటి మొక్కల చరిత్రకు మూలం కావడం ఈ పోలికను మరింత ఆసక్తికరం చేస్తుంది. ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ కోసం వాస్తుశిల్పి జూల్ హార్దుఎన్-మాన్సార్ 1684–86 మధ్య వెర్సాయ్‌లో నారింజశాలను నిర్మించాడు. కొయ్య పెట్టెల్లో పెంచిన నారింజ, నిమ్మ, దానిమ్మ చెట్లను చలికాలమంతా ఆ రాతి కప్పు కింద ఉంచి, మే నెలలో బయటి ప్రాంగణానికి, అక్టోబరులో మళ్లీ లోపలికి తరలించే క్రమం నేటికీ సాగుతోంది. అక్కడి చెట్ల సంఖ్య వెయ్యికి మించి ఉంటుంది. వెర్సాయ్ నారింజ ఎండ కోసం బయటికి వచ్చే నెలలోనే నల్లగొండ బత్తాయి మొక్క ఎండ తప్పించుకోవడానికి వల కింద ఉంటుంది.

సంచి మొక్కలు, సర్కారు లెక్కలు

అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ 1950లో ఆరంభించిన వనమహోత్సవం, జులై మొదటి వారంలో దేశమంతటా మొక్కలు నాటే ఆనవాయితీని తెచ్చింది. దానితో మొక్కను పెంచేవాడు, నాటేవాడు వేరయ్యారు. అటవీశాఖ నర్సరీ పెంచేది, బడులు, కార్యాలయాలు, పంచాయతీలు నాటేవి. పాలిథిన్ సంచి ఈ విభజనను సులభం చేసింది, ఎందుకంటే వేళ్ల చుట్టూ మట్టి కదలకుండా మొక్కను ఎంత దూరమైనా తీసుకెళ్లవచ్చు. 2006 ఫిబ్రవరి 2న మొదలైన జాతీయ ఉపాధి హామీ పథకం తొలి విడత 200 జిల్లాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉండటంతో, నర్సరీ పనికి వేసవిలో ఊళ్లోనే కూలీ దొరికే మార్గం ఏర్పడింది. వలస వల్ల మనుషులు లేకపోవడమనే పాత అడ్డంకి ఈ మేరకు తగ్గింది. 2015 జులై 3న చిలుకూరులో ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ప్రారంభించిన తెలంగాణకు హరితహారం, రాష్ట్రంలో చెట్ల విస్తీర్ణాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచడానికి 230 కోట్ల మొక్కల లక్ష్యాన్ని ప్రకటించింది. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రతి గ్రామానికి నర్సరీ బాధ్యతను అప్పగించి, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్న నియమాన్ని పెట్టింది. 2024 నుంచి ఈ కార్యక్రమం మళ్లీ వనమహోత్సవం పేరుతో సాగుతోంది.

జూన్, జులైలో నాటాలంటే సంచుల్లో విత్తనం చలికాలపు చివర్లో పెట్టాలి. కాబట్టి గ్రామ నర్సరీ మొక్క బాల్యమంతా మార్చి, ఏప్రిల్, మే నెలల్లో గడుస్తుంది. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నింపిన సంచులను వరుసగా పేర్చి, మీద తాటికమ్మల పందిరో, ఆకుపచ్చ షేడ్‌నెట్టో వేసి, రెండు పూటలా నీరు పోస్తారు. సంచి అడుగు నుంచి వేరు నేలలోకి దిగితే, మొక్క సంచిలోని మట్టి మీద కాక నేల మీద ఆధారపడుతుంది, నాటే రోజు ఆ వేరు తెగి వడలిపోతుంది. అందుకే సంచులను అప్పుడప్పుడు చోటు మార్చి, దిగిన వేళ్లను కత్తిరించి, పొడుగు మొక్కలను ఒక వైపు, పొట్టి మొక్కలను మరో వైపు పేర్చుతారు. వేరు కత్తిరించిన తర్వాత మొక్క సంచిలోపలే కొత్త వేళ్లు వేయడానికి కొన్ని రోజులు పడుతుంది కనుక, ఈ పని నాటే ముందురోజు చేస్తే ప్రయోజనం లేదు.

పందిరి తీసే సమయం మరింత సున్నితమైనది. రోహిణి కార్తెలో నీడ పూర్తిగా తొలగిస్తే ఆకు మాడుతుంది; తొలకరి దాకా తొలగించకపోతే, వాన తర్వాత మబ్బు విడిపోయి తిరిగి కాసే ఎండను మొక్క తట్టుకోలేదు. అనుభవజ్ఞులైన నర్సరీ పనివాళ్లు ఈ రెంటి నడుమ ఒక మార్గం అనుసరిస్తారు: మే చివరి వారంలో ఉదయం తొమ్మిది గంటల దాకా, సాయంత్రం నాలుగున్నర తర్వాత మాత్రమే వల మడిచి ఎండ తగలనిచ్చి, మధ్యాహ్నం మళ్లీ కప్పి, జూన్‌లో ఆకాశం మబ్బు పట్టిన రోజుల్లో వలను పూర్తిగా తీసేస్తారు. నీటిని రెండు పూటల నుంచి ఒక పూటకు తగ్గిస్తారు, కాని పూర్తిగా ఎండబెట్టరు. శీతల దేశపు తోటమాలి ఎండ గంటలను పెంచుతూ పోతే, ఇక్కడి పనివాడు ఎండ తీవ్రత తక్కువగా ఉన్న గంటలను ఏరుకొని, మిగిలిన పనిని నైరుతి మబ్బుకు అప్పగిస్తాడు. మబ్బు వెలుతురును పలుచన చేస్తుంది, గాలిలో తేమను పెంచి ఆవిరిని తగ్గిస్తుంది, నేల వేడిని దించుతుంది; మనిషి కట్టే ఏ పందిరీ ఈ మూడింటినీ ఒకేసారి చేయలేదు. వానలు ఆలస్యమైన ఏడాది మాత్రం ఈ లెక్క తప్పుతుంది: సంచిలో వేళ్లు చుట్టలు చుట్టుకుంటాయి, మొక్క సాగిపోతుంది, ఒక్క వాన పడగానే తొందరపడి నాటితే తర్వాతి బెట్ట, అంటే వానల మధ్య పొడి విరామం, దాన్ని దెబ్బతీస్తుంది.

ఇంటి గదుల్లోకి వచ్చిన మొక్కలు

పెద్ద కిటికీల సిమెంటు ఇళ్లు, అపార్ట్‌మెంట్లు నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి పట్టణాల్లో పెరిగాకే గదిలో ఉంచే మొక్క సాధారణమైంది. మనీప్లాంటు, అరెకా పామ్, క్రోటన్, స్నేక్ ప్లాంటు వంటివాటిలో చాలా భాగం గోదావరి డెల్టాలోని కడియం నర్సరీల నుంచి లారీల్లో వస్తాయి. తేమ గాలిలో, నల్ల వల కింద పెరిగిన మొక్క ఒక రాత్రి ప్రయాణంతో పొడి గాలి వీచే పీఠభూమికి చేరుతుంది. కొనుగోలుదారు దాన్ని కొద్ది రోజులు నీడలో నిలపకుండా మిద్దె మీద పెడితే, తరలింపులోని నడుమ వారాలు పూర్తిగా మాయమవుతాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని చెప్పుకునే జనానికి, చలి పోయింది కదా అని ఫిబ్రవరి, మార్చిల్లో గది మొక్కలను బయటికి తేవడం సబబుగా కనిపిస్తుంది. శీతల దేశాల తోటపని సూచనలు కూడా దాన్నే సమర్థిస్తాయి. కాని ఆ నెలల నుంచి ఈ సీమలో ఎండ వారం వారం పెరుగుతుంది, గాలి పొడిబారుతుంది, కాబట్టి అలవాటుపడే వ్యవధి మొక్కకు దక్కదు. బయటికి తేవలసిన సరైన కాలం జూన్ మధ్య నుంచి, నాలుగైదు రోజులు వరుసగా మబ్బు ఉన్నప్పుడు. అప్పుడు కూడా మొదట తూర్పు ఎండ మాత్రమే తగిలే చోట ఉంచి, కొత్త ఆకులు రెండు మూడు విచ్చుకున్న తర్వాతే పూర్తి ఎండకు మార్చాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇంతకుముందే ఆరుబయట ఉన్న కుండీలను గోడ నీడలోకి తెచ్చుకోవడం ఈ సీమ క్రమానికి తగిన పని.

ఈ మొత్తం చరిత్రలో మొక్క పెంపకపు సాధనాలు తాటికమ్మ నుంచి షేడ్‌నెట్‌కు, కుండ నుంచి పాలిథిన్ సంచికి, మోట నుంచి బోరుకు మారాయి కాని, ఎండకు అలవాటుపడే వ్యవధిని ఏ సాధనమూ కుదించలేకపోయింది. వరి, మిరప నారు పోసిన కుటుంబంలో, మామిడి కొమ్మను మూడు గాట్లలో వేరుచేసిన తోటమాలిలో ఆ వ్యవధిని కనిపెట్టుకొని ఉండే మనిషి ఉన్నాడు; పెంచేవాడు, నాటేవాడు, కొనేవాడు వేరైన తర్వాత ఆ మనిషి స్థానం ఖాళీ అయింది. ఎన్ని మొక్కలు నాటామన్న లెక్క నుంచి ఎన్ని బతికాయన్న లెక్కకు చట్టం మారడం ఆ ఖాళీని గుర్తించిన తొలి అడుగు. పందిరి తీసిన తేదీ, వేరు కత్తిరించిన తేదీ, నీరు తగ్గించిన తేదీ గ్రామ నర్సరీ రిజిస్టరులో నాటిన తేదీకి పక్కన నమోదైతే, బతకని మొక్కకు కారణం వానలోనా నేలలోనా నడుమ వారాల్లోనా అన్నది తేలుతుంది, మరుసటి ఏడాది రోహిణి కార్తెకు ముందే ఏం సవరించాలో పంచాయతీకి తెలుస్తుంది.